మెలి విప్పే పనిముట్టు

హైదరాబాద్ హైటెక్ సిటీలో సైబర్ టవర్స్‌ను అప్పటి ప్రధాని వాజపేయి 1998 నవంబరులో ప్రారంభించారు. టయోటా క్వాలిస్ 2000 సంవత్సరం మొదట్లో మన రోడ్ల మీదికొచ్చింది. ఏడాది పైచిలుకు తేడాతో వచ్చిన ఆ భవనానికీ ఈ బండికీ తర్వాత్తర్వాత విడదీయలేని పొత్తు కుదిరింది. కాల్ సెంటర్లు పెరిగాయి. అమెరికాలో పగలు మనకు రాత్రి కాబట్టి మాదాపూర్‌లో అర్ధరాత్రి షిఫ్టులు మొదలయ్యాయి. దిల్‌సుఖ్‌నగర్ నుంచీ, కూకట్‌పల్లి నుంచీ, సికింద్రాబాద్ నుంచీ ఆ షిఫ్టులకు మనుషుల్ని చేరవేసినవి ఎక్కువగా క్వాలిస్‌లూ సుమోలూ. 2004 తర్వాత వాటికి షెవర్లే టవేరాలు తోడయ్యాయి. ఆ రోజుల్లో ఉద్యోగంలో చేరినవాళ్ళకు మొదటి జీతంతో పాటు ఇంటి ముందు మోగిన క్యాబ్ హారన్ కూడా గుర్తుండే ఉంటుంది.

ఇవాళ నేను మాట్లాడబోయేది క్వాలిస్, టవేరాల ఛాసిస్ కింద ఉండే ఒక ఉక్కు కడ్డీ గురించి, దాన్ని బయటికి తీసే పనిముట్ల గురించి. ఆ కడ్డీ పేరు టార్షన్ బార్. కొన్ని షెడ్లలో టార్షన్ రాడ్ అని కూడా అంటారు. బండి నడిపేవారిలో చాలామంది దాన్ని ఎన్నడూ వంగి చూసి ఉండరు. కానీ మెకానిక్ షెడ్డులో దాన్ని విప్పే పని సరైన సాధనం లేకుండా జరిగితే వేళ్ళు నలుగుతాయి, పళ్ళు రాలతాయి, కన్ను పోయే ప్రమాదం కూడా ఉంది. బండి యజమానికీ డ్రైవరుకూ మెకానిక్‌కూ ముగ్గురికీ తెలియాల్సిన సంగతి ఇది.

ముందు ఆ కడ్డీ చేసే పనేమిటో చూద్దాం. లారీలకు కమాన్ కట్టలుంటాయి. ఇప్పటి కార్లకు చుట్టల స్ప్రింగులుంటాయి. టార్షన్ బార్ కూడా స్ప్రింగే, కాకపోతే తిన్నగా ఉంటుంది. బొటనవేలంత లావు, దాదాపు ఒక మీటరు పొడవు ఉన్న స్ప్రింగ్ స్టీల్ కడ్డీ ఛాసిస్ వెంబడి ముందు నుంచి వెనక్కి పడుకుని ఉంటుంది. ఒక కొస ముందు చక్రాన్ని మోసే ఆర్మ్‌కు బిగించి ఉంటుంది. రెండో కొస వెనక ఛాసిస్ అడ్డకమ్మీ దగ్గర యాంకర్ ఆర్మ్ అనే చిన్న ఉక్కు చేతిలో కూర్చుంటుంది. చక్రం గుంతలో పడి పైకి లేచినప్పుడల్లా ఆర్మ్ తిరుగుతుంది, ఆర్మ్‌తో పాటు కడ్డీ ముందు కొస తిరుగుతుంది, వెనక కొస మాత్రం కదలదు. దాంతో కడ్డీ మెలి పడుతుంది. ఆ మెలి వెనక్కి తిరగాలని చూస్తుంది కాబట్టి చక్రం మళ్ళీ కిందికి వస్తుంది. అంతే సూత్రం. ఇందులో అతుకులు లేవు, చుట్టలు లేవు, పట్టీల మధ్య ఒరిపిడి లేదు. నాకు చాలా ఇష్టమైన యంత్రభాగాల్లో ఇదొకటి.

ఫెర్డినాండ్ పోర్షే 1931లో దీనికి పేటెంటు దరఖాస్తు చేశాడు. 1934లో ఫ్రాన్స్ వాళ్ళ సిట్రోయెన్ ట్రాక్షన్ అవాంట్ కారు టార్షన్ బార్ల మీదే నడిచింది. జర్మనీ బీటిల్‌కూ అవే. మన దగ్గరికి వస్తే అంబాసిడర్ ముందు చక్రాల కింద ఉన్నవి కూడా టార్షన్ బార్లే. కలెక్టరు గారి తెల్లకారు నుంచి నాంపల్లి స్టేషన్ ముందు టాక్సీ దాకా దశాబ్దాల పాటు తెలుగునేలను మోసినవి ఆ కడ్డీలే. కాబట్టి ఇది మనకు కొత్తగా వచ్చిన వస్తువేం కాదు.

క్వాలిస్‌కు ఇది ఎలా వచ్చిందంటే, ఆ బండి వంశమే పికప్ ట్రక్కుల వంశం. టయోటా 1977లో ఇండోనేషియాలో కిజాంగ్ అనే చవక పికప్‌ను తెచ్చింది. ఆ కిజాంగ్ మూడో తరాన్నే మన దేశంలో క్వాలిస్ పేరుతో బెంగళూరు దగ్గరి బిడదిలో తయారుచేశారు. టవేరా కూడా ఇసుజు వాళ్ళ పాంథర్ బండికి మారుపేరు. దాని కింద ఉన్నది పికప్ తరహా ఛాసిసే. పికప్ అంటే బరువు మొయ్యాలి, ఇంజను చుట్టూ చోటు ఉండాలి, చవకగా బాగుపడాలి. టార్షన్ బార్ ఈ మూడింటికీ సరిపోతుంది. నిలువునా చోటు అడగదు. బండి ముందు భాగం ఎత్తును ఒక్క బోల్టుతో సరిచేసుకోవచ్చు. 2005లో క్వాలిస్ స్థానంలో వచ్చిన ఇన్నోవాకు ముందు చుట్టల స్ప్రింగులు పెట్టారు. అప్పటి నుంచి క్యాబుల కింద ఈ కడ్డీ తగ్గుతూ వచ్చింది. టవేరా మాత్రం 2017 దాకా అమ్ముడవుతూనే ఉంది. కొండాపూర్, హఫీజ్‌పేట, మియాపూర్ వైపు షెడ్లకు ఇప్పటికీ ఇలాంటి బండ్లు వస్తూనే ఉన్నాయి. నడిపినవాళ్ళు వాటిని వదులుకోరు. గట్టి బండి, ఎక్కడైనా బాగుచేయించుకోవచ్చు అంటారు. నిజమే.

ఇక ప్రమాదం ఎక్కడుందో చెబుతాను. ఒక మీటరు పొడవు, 24 మిల్లీమీటర్ల లావు ఉన్న కడ్డీని తీసుకుందాం. చక్రం మీద 500 కిలోల బరువు పడుతోందనుకుందాం. బండి నేల మీద నిలబడి ఉండగా ఆ కడ్డీ 35 నుంచి 40 డిగ్రీల దాకా మెలి పడి ఉంటుంది. గడియారంలో ముల్లు పన్నెండు నుంచి ఒకటి దాటినంత. ఆ మెలిలో దాగిన శక్తిని లెక్కగడితే, 50 కిలోల సిమెంటు బస్తా మనిషి ఛాతీ ఎత్తు నుంచి జారి కాలి మీద పడితే ఎంత దెబ్బ తగులుతుందో దాదాపు అంత. యాంకర్ ఆర్మ్ అరచెయ్యంత పొడవే ఉంటుంది కాబట్టి దాని కొసను పట్టి ఉంచే బోల్టు మీద టన్నుకు మించిన బలం పడుతుంది. బండిని జాకీ మీద లేపి చక్రాన్ని వేలాడదీస్తే మెలి చాలావరకు తగ్గుతుంది. కానీ పూర్తిగా పోదు. పొరపాటు జరిగేది ఇక్కడే. చక్రం వేలాడుతోంది కదా, బరువంతా దిగిపోయింది కదా అనుకుని బోల్టును పూర్తిగా ఊడదీస్తారు. లోపల మిగిలిన మెలి ఒక్కసారిగా విడుదలై యాంకర్ ఆర్మ్ గిర్రున తిరుగుతుంది. దాని దారిలో ఏముంటే అది దెబ్బతింటుంది. సాధారణంగా ఆ దారిలో ఉండేది కింద పడుకుని పనిచేస్తున్న మనిషి ముఖం.

బండి తయారీదారులు ఈ మిగులు మెలిని రెండు రకాలుగా ఎదుర్కొన్నారు. క్వాలిస్ లాంటి జపాన్ తరహా బండ్లలో ఎత్తు సరిచేసే బోల్టే చాలా పొడవుగా ఉంటుంది. నట్టును మెల్లగా వెనక్కి తిప్పుకుంటూ పోతే, బోల్టు మర అయిపోయేలోపే మెలి తీరిపోతుంది. అంటే విప్పే సాధనాన్ని బండిలోనే అమర్చారన్నమాట. వీటికి ప్రత్యేక యంత్రమేమీ అక్కర్లేదు. మంచి రింగ్ పానాలు, పొడుగు సాకెట్, తగిన పొడవు పిడి, తీగల బ్రష్షు, తుప్పు వదిలే నూనె, ఇత్తడి సుత్తి ఉంటే చాలు. వాటితో పాటు ఓపిక కావాలి.

రెండో రకం అమెరికా పికప్పులది. షెవర్లే సిల్వరాడో లాంటి వాటిలో సరిచేసే బోల్టు పొట్టిది. అది ఎత్తు మార్చడానికే గానీ మెలి మొత్తం విప్పడానికి కాదు. అక్కడ యాంకర్‌ను కీ అంటారు. ఆ కీని ఎత్తిపట్టి, బోల్టునూ దాని నట్టు దిమ్మనూ బయటికి తీసి, తర్వాత కీని మెల్లగా దించడానికి ఒక ప్రత్యేక సాధనం కావాలి. దాన్ని టార్షన్ బార్ అన్‌లోడర్ అంటారు. మందపాటి ఉక్కుతో ఇంగ్లీషు సి అక్షరం ఆకారంలో చేసిన చట్రం అది. పై కొక్కెం అడ్డకమ్మీని పట్టుకుంటుంది. కింద పెద్ద మర ఉన్న స్క్రూ ఉంటుంది. స్క్రూ మొన కీ మీద చెక్కిన చిన్న గుంటలో కూర్చుంటుంది. స్క్రూ తిప్పితే కీ పైకి లేస్తుంది, బోల్టు వదులవుతుంది. బోల్టు తీశాక స్క్రూను వెనక్కి తిప్పితే కీ అంగుళం అంగుళంగా దిగుతుంది. ఎంత బలమైన మెలి అయినా ఆ స్క్రూ మర మీద కాలు మోపుకుంటూ దిగాల్సిందే. ఈ పద్ధతి నాకు ఎంత నచ్చుతుందో మాటల్లో చెప్పలేను. టెక్సాస్‌లో స్థిరపడిన మన తెలుగువాళ్ళలో ఇలాంటి పెద్ద పికప్పులు నడిపేవాళ్ళున్నారు. సొంతంగా బండి కిందికి దూరే అలవాటున్నవారు ఇది గమనించాలి: సిల్వరాడో మామూలు మోడళ్ళు 2007 తరం నుంచి చుట్టల స్ప్రింగులకు మారాయి గానీ, భారీ మోడళ్ళు ఇంకా టార్షన్ బార్ల మీదే ఉన్నాయి.

ఆ సాధనం లేనప్పుడు ఏం చేస్తారు? బేరింగులు లాగే రెండు కాళ్ళ పుల్లర్‌ను తగిలిస్తారు. వెల్డింగు పనికి వాడే సీ క్లాంపు బిగిస్తారు. కింద జాకీ పెట్టి యాంకర్‌ను పైకి ఎత్తుతారు. లేదా గడ్డపారతో ఒకరు ఎత్తిపడితే ఇంకొకరు బోల్టు లాగుతారు. ఇవి పది సార్లు పనిచేయవచ్చు. పుల్లర్ కాళ్ళు నిట్టనిలువుగా లాగడానికి చేసినవి, పక్కకు తిరిగే భాగాన్ని పట్టడానికి కాదు. మామూలు క్లాంపు చెక్కనో రేకునో నొక్కి పట్టడానికి పోతపోసింది, టన్ను బరువుకు కాదు. జాకీ మీద గుండ్రటి వస్తువు ఆనితే జారుతుంది. గడ్డపార పట్టుకున్న మనిషి చెయ్యి చెమటకు జారుతుంది. పదకొండోసారి ఏమవుతుందో చెప్పలేం. పని నడిచిపోయింది కదా అన్న ధైర్యమే అన్నిటికన్నా చెడ్డది.

ఇక్కడ నేను గట్టిగా ఒక మాట చెప్పదలచుకున్నాను. షెడ్లలో ఇలాంటి పని పడినప్పుడు బండి కిందికి దూరేది చాలాసార్లు ఉస్తాద్ కాదు, చిన్న హెల్పరు. సన్నగా ఉంటాడు, సందులో పడతాడు, చెప్పిన పని చేస్తాడు. గడ్డపార పట్టుకో అంటే పట్టుకుంటాడు. పద్నాలుగేళ్ళలోపు పిల్లల్ని ఇలాంటి పనుల్లో పెట్టుకోకూడదని 2016లో సవరించిన బాలకార్మిక చట్టం చెబుతోంది. ఆ వయసు దాటినవాడైనా సరే, నేర్చుకునే కుర్రవాడిని మెలి ఉన్న కడ్డీ ముందు పడుకోబెట్టకూడదు. ఆ పని తెలిసినవాడే చెయ్యాలి. కుర్రవాడు పక్కన నిలబడి చూసి నేర్చుకోవాలి. ఐటీఐలలో మెకానిక్ మోటార్ వెహికల్ అనే రెండేళ్ళ కోర్సు ఉంది. అందులో చేరిన పిల్లలకు ఒక పాత టవేరా ఛాసిస్ మీద ఈ పనిని చేసి చూపిస్తే ఎంతో మేలు. పాఠంలో బొమ్మ చూడటం వేరు, నట్టు ఒక్కో చుట్టుకూ యాంకర్ ఎంత దిగుతోందో కళ్ళారా చూడటం వేరు.

ఇక పనిలోకి వద్దాం. క్వాలిస్, టవేరా తరహా బండి అనుకుని చెబుతాను. కడ్డీని ఎందుకు విప్పుతారంటే ఎక్కువగా కింది ఆర్మ్ బుష్షులు మార్చడానికి. నిజానికి ముందు చక్రాల దగ్గర టకటకమని శబ్దం వస్తోందంటే పది సందర్భాల్లో తొమ్మిదింట కడ్డీ తప్పు ఉండదు. బుష్షులో, బాల్ జాయింటో అరిగి ఉంటుంది. ముందు అది తేల్చుకోవాలి.

బండిని చదునైన నేల మీద నిలపాలి. సైబరాబాద్‌లో ఇది కష్టమే, సగం షెడ్లు వాలు మీదే ఉంటాయి. వెనక చక్రాలకు రెండువైపులా చెక్కదిమ్మలు పెట్టాలి. ముందు భాగం లేపి ఛాసిస్ కింద స్టాండ్లు నిలపాలి. జాకీని నమ్ముకుని కిందికి దూరడం, ఇటుకలు పేర్చి దూరడం వద్దు. ఇటుక హెచ్చరిక లేకుండా పగులుతుంది. చక్రాలు వేలాడుతున్నాయా చూసుకోవాలి. తర్వాత తీగల బ్రష్షుతో బోల్టు మరను శుభ్రంచేసి నూనె పట్టించాలి. వీలుంటే ఆ పని ముందు రోజు సాయంత్రమే చేసి రాత్రంతా వదిలెయ్యాలి. తుప్పు పట్టిన మర మీద నట్టును బలవంతంగా తిప్పితే బోల్టు తెగుతుంది. మెలి ఉండగా బోల్టు తెగడం కంటే చెడ్డది లేదు.

నట్టు తిప్పేముందు రెండు గుర్తులు చెయ్యాలి. బోల్టు నట్టుకు పైన ఎన్ని మిల్లీమీటర్లు తేలి ఉందో కొలిచి గోడ మీదో కాగితం మీదో రాసుకోవాలి. తర్వాత కడ్డీ మీదా యాంకర్ మీదా కలిసేలా రంగుతో ఒక గీత పెట్టాలి, ముందు కొసలోనూ అంతే. కడ్డీ కొసలకు గేరుకున్నట్టు పళ్ళుంటాయి. తిరిగి బిగించేటప్పుడు ఒక్క పన్ను తేడా వస్తే బండి ఒక పక్కకు ఒరుగుతుంది. గీత రంగుతోనే పెట్టాలి. ఉలితోనో సెంటర్ పంచ్‌తోనో గాటు పెట్టకూడదు. ఈ మాట ఎందుకంత పట్టుబట్టి చెబుతున్నానంటే, మెలి పడే కడ్డీలో ఒత్తిడంతా పైపొర మీదే ఉంటుంది. నడిమధ్య ఉక్కుకు పెద్దగా పనే లేదు. పైపొర మీద చిన్న గీత పడినా అక్కడి నుంచి బీట మొదలై, వేలసార్లు మెలి పడ్డాక ఒకరోజు కడ్డీ పుటుక్కున తెగుతుంది. అందుకే పైపు రెంచితో కడ్డీని పట్టకూడదు. ఇనుప సుత్తితో కొట్టకూడదు. దాని దగ్గర వెల్డింగు చెయ్యకూడదు. పైన రంగు రాలితే మళ్ళీ రంగు వెయ్యాలి. బయటికి తీశాక నేల మీద పడెయ్యకుండా గోనెపట్టా మీద పెట్టాలి.

నట్టు తిప్పేటప్పుడు చేతి పానాతోనే తిప్పాలి, గాలి ఒత్తిడితో నట్లు తిప్పే గన్ వద్దు. ఎన్ని చుట్లు తిప్పామో లెక్కపెట్టుకోవాలి, ముఖం యాంకర్ తిరిగే దారికి పక్కగా ఉంచుకోవాలి. యాంకర్ చేత్తో ఊపితే కదిలేంత వదులయ్యాకే బోల్టు బయటికి రావాలి. అప్పుడు ఇత్తడి సుత్తితో తట్టి యాంకర్‌ను జరిపి కడ్డీని వెనక్కి లాగవచ్చు.

ఎడమ కడ్డీని కుడివైపు వెయ్యకూడదు. వాటిని తయారీలోనే ఒక దిక్కుకు మెలిపెట్టి పదునుచేస్తారు. కొస మీద ఎడమ, కుడి గుర్తులుంటాయి. చాదర్‌ఘాట్ పాత సామాన్ల దుకాణాల్లో కడ్డీ కొనేవాళ్ళు ఆ గుర్తు చూసి, పైపొర మీద వేలు రాసి గీతలు లేవని తేల్చుకుని కొనాలి. లావు కూడా కొలవాలి. కడ్డీ లావు పదోవంతు పెరిగితే దాని బిరుసు దాదాపు ఒకటిన్నర రెట్లవుతుంది. కంటికి ఒకలాగే కనిపించే రెండు కడ్డీలు రెండు పక్కలా వేస్తే బండి ఏ మలుపులోనూ నిలకడగా ఉండదు.

క్యాబ్ డ్రైవరన్నలకు ఒక మాట. బండి ముందు భాగం కుంగిందని, బోల్టు నాలుగు చుట్లు బిగించమని అడగటం మామూలు. బిగిస్తే ఎత్తు లేస్తుంది. కానీ కడ్డీ బలం పెరగదు, బిరుసు మారదు. ఆర్మ్ వాలు మారి బాల్ జాయింట్ల మీదా డంపర్ల మీదా భారం పడుతుంది. చక్రం గుంతలోకి దిగే చోటు తగ్గి బండి కుదుపు ఎక్కువవుతుంది. పది మందిని ఎక్కించి నడిపిన బండికి అది నిజమైన వైద్యం కాదు. తయారీదారు చెప్పిన ఎత్తు వరకే బిగించాలి.

అమెరికా తరహా బండ్లు ఈ ఊళ్ళో అరుదు. కానీ మనకున్న లేత్ షాపుల నైపుణ్యం తక్కువది కాదు. వాటికి కావలసిన అన్‌లోడర్ రాణిగంజ్‌లో దొరక్కపోతే, మంచి ఉక్కు పలకతో చట్రం, మందపు మర ఉన్న స్క్రూ, తిరిగే మొనతో చేయించుకోవచ్చు. స్క్రూ మీద ప్రతిసారీ గ్రీజు పెట్టాలి, చేతి పానాతోనే తిప్పాలి. పొడి మర బిగుసుకుపోతే మధ్యలో ఆగిపోతుంది. పోత ఇనుముతో మాత్రం చేయించవద్దు, అది వంగకుండానే పగులుతుంది. నాలుగైదు షెడ్లు కలిసి ఒక్కటి చేయించుకుని అందరూ వాడుకోవచ్చు.

కడ్డీ తిరిగి బిగించేటప్పుడు పళ్ళకు గ్రీజు రాసి, దుమ్ము పడకుండా రబ్బరు తొడుగు ఎక్కించి, గీతలు కలిపి, ముందు కొలిచిన పొడవు వచ్చేదాకా నట్టు బిగించాలి. బండిని నేలకు దించి, ముందు భాగాన్ని నాలుగైదుసార్లు ఊపి వదలాలి. అప్పుడే సస్పెన్షన్ తన చోట కుదురుకుంటుంది. ఆ తర్వాత రెండువైపులా ఎత్తు కొలిచి సరిచేసి, లాక్ నట్టు బిగించాలి. ఎత్తు మారితే చక్రాల కోణాలు కూడా మారతాయి కాబట్టి వీల్ అలైన్‌మెంట్ తప్పనిసరి. ఒక వారం నడిచాక బండిని మళ్ళీ షెడ్డుకు తెచ్చి ఎత్తు మరోసారి కొలిపించండి, లాక్ నట్టు వదులైందేమో పానా వేయించి చూడండి. ఆ రెండో కొలతకు మెకానిక్ డబ్బు అడిగినా ఇవ్వండి.